నెలకు ఐదు వేలతో పాత పికప్: ఏది ముందు, ఏది ఆఖర్న

షూటింగ్ మొదలవ్వాలంటే ముందు సామాను చేరాలి. లైట్లు, ట్రాక్ పట్టాలు, కేబుల్ చుట్టలు, బట్టల పెట్టెలు, భోజనాల క్యారేజీలు తెల్లారకముందే చిన్న లోడు బండ్లలో ఫిలింనగర్ కొండెక్కుతాయి. అలా ఇరవై ముప్ఫై ఏళ్లు తిరిగి అలసిన పికప్‌ను చవగ్గా కొని, జీతంలో మిగిలిన దాంతో మెల్లగా బాగు చేసుకుందామని చాలామందికి ఉంటుంది. కొందరికి దానికి తోడు ఇంకో ఆశ: పాతకాలం కథలున్న సినిమాలకు అద్దెకివ్వొచ్చు కదా అని.

ఒక లెక్క పెట్టుకుందాం. నెలకు ₹5,000 చొప్పున మూడేళ్లు పక్కన పెడితే ₹1,80,000. బండి కొన్న ధర ఇందులో లేదు. ఈ డబ్బు సరిపోవడం, చాలకపోవడం ఎక్కువగా పనుల వరుస మీద ఆధారపడి ఉంటుంది. మెల్లగా చేసే పనిలో మనం ఆగినా గడువులు ఆగవు. బీమాకు ఏడాది గడువు, టైరుకు రబ్బరు గడువు, బ్యాటరీకి చార్జింగ్ గడువు. గడువున్న వాటిని ఆఖరుకు నెట్టి, గడువు లేనివి ముందు కొనుక్కున్నవాడి డబ్బే నిలుస్తుంది.

₹48,147: కదలని బండికి బీమా

2022 జూన్ 1 నుంచి అమలైన థర్డ్ పార్టీ రేట్ల ప్రకారం, 7,500 కిలోల లోపు స్థూల బరువున్న సరుకు బండికి ఏడాది ప్రీమియం ₹16,049. పన్ను అదనం. కొన్న రోజే బీమా కట్టి, మూడేళ్లు షెడ్‌లో పెట్టి పనిచేయిస్తే ₹48,147 పోతుంది. మన ₹1,80,000లో నాలుగో వంతు దాటిపోయింది, ఒక్క నట్టు కూడా తిప్పకుండానే.

బహిరంగ ప్రదేశంలో వాడే బండికే మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ఈ బీమాను తప్పనిసరి చేసింది. కాబట్టి బండి సొంత ఆవరణలోనో, షెడ్‌లోనో ఉన్నంతకాలం ఈ ఖర్చును వెనక్కి జరపొచ్చు. వీధిలో నిలిపితే మాత్రం ఆ వెసులుబాటు లేదు, రోడ్డు కూడా బహిరంగ ప్రదేశమే. జూబ్లీహిల్స్‌లో పనికి దిగేవాడు మెకానిక్ కన్నా ముందు వెతుక్కోవాల్సింది బండి పెట్టుకునే చోటు. మూడు నెలలకోసారి పన్ను కట్టే తరగతి బండి అయితే, వాడకం ఆపినట్టు రవాణా శాఖకు ముందుగానే రాసివ్వాలి. లేకపోతే బకాయి పెరుగుతూనే ఉంటుంది.

తెల్ల బోర్డు బండి లెక్క వేరు. 1,500 సీసీ దాటిన సొంత కారు తరగతికి థర్డ్ పార్టీ ప్రీమియం ₹7,897, అంటే ఎల్లో బోర్డు సరుకు బండికి కట్టేదానిలో సగం కన్నా తక్కువ. ఆర్సీలో వాహన తరగతి ఏమని రాసి ఉందో చూడకుండా బయానా ఇవ్వకూడదనడానికి ఈ తేడా ఒక్కటి చాలు.

15, 20, 50: బండి వయసు చెప్పే లెక్కలు

తెల్ల బోర్డు బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. నాలుగు చక్రాల తేలికపాటి బండికి 15 ఏళ్లు దాటాక ఈ రుసుము ₹5,000 ఉండేది. 20 ఏళ్లు దాటిన వాటికి కేంద్రం 2025 ఆగస్టులో దాన్ని ₹10,000 చేసింది. గ్రీన్ ట్యాక్స్ దీనికి వేరు. ఎల్లో బోర్డు బండికైతే ఎనిమిదేళ్లు దాటినప్పటి నుంచి ఏటా ఫిట్‌నెస్ చూపించాలి.

ఇక 50. యాభై ఏళ్లు నిండిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చే నిబంధనలు 2021 జులైలో వచ్చాయి. రుసుము ₹20,000, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత పునరుద్ధరణకు ₹5,000. నంబర్లో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అక్షరాలుంటాయి. థర్డ్ పార్టీ ప్రీమియంలో సగం రాయితీ కూడా ఉంది. అయితే ఇది సొంత వాడకపు బండ్లకే. ర్యాలీకో, ప్రదర్శనకో, పెట్రోలు పోయించుకోవడానికో, మరమ్మతుకో తప్ప రోజూ తిప్పకూడదు, వ్యాపారానికి వాడకూడదు. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లను పెద్దగా మార్చి ఉండకూడదు.

సినిమా అద్దెల ఆశ ఇక్కడే తేలిపోతుంది. వింటేజ్ నంబరు బండిని వ్యాపారానికి ఇవ్వకూడదు. తెల్ల బోర్డును కిరాయికి తిప్పితే పర్మిట్ నిబంధన అడ్డొస్తుంది, ప్రమాదం జరిగితే బీమా చిక్కుల్లో పడుతుంది. కిరాయికి నిలబడేది ఎల్లో బోర్డు. దానికేమో ఏటా ఫిట్‌నెస్, ₹16,049 బీమా. అద్దె మీద ఎంతొస్తుందో ఊహించుకునే ముందు ఈ ఖర్చును తీసేసి చూసుకోవాలి.

కొనేటప్పుడు ఫారం 29, 30 మీద సంతకాలు, ఫైనాన్స్ ఉంటే అది తీరినట్టు ఫారం 35 తీసుకోవాలి. రాష్ట్రంలోనే అమ్మకమైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. ఛాసిస్ నంబరును ఆర్సీతో పోల్చడానికి ఇసుక కాగితం, టార్చిలైటు తీసుకెళ్లండి. తుప్పు కింద అంకె కనబడకపోతే బేరం అక్కడితో ఆపేయడమే మేలు.

1988: ఏ కథకు ఏ బండి

అద్దెకిచ్చే ఉద్దేశం ఉంటే ఇంకో లెక్క కూడా చూసుకోవాలి: కథ ఏ ఏడాదిలో జరుగుతుంది? మహీంద్రా మనదేశంలో జీపులు కూర్చడం 1940ల చివర్లో మొదలుపెట్టింది. టాటా 407 వచ్చింది 1986లో. టాటా తొలి పికప్ టాటామొబైల్ 1988లో. సుమో 1994లో, బొలెరో 2000లో. ఎమర్జెన్సీ రోజుల కథలో టాటామొబైల్ కనబడితే పట్టేసే ప్రేక్షకులు ఈరోజు చాలామందే ఉన్నారు. నంబర్ ప్లేటు కూడా సాక్ష్యమే. ఇప్పటి పద్ధతి నంబర్లు 1989 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టంతో వచ్చాయి. హైదరాబాద్ బండ్ల మీద ఏపీ కాస్తా 2014లో టీఎస్, 2024లో టీజీ అయింది.

స్టూడియో గేటు లోపల నిలబెట్టడానికే అయితే బండిని క్యారియర్ మీద చేర్చొచ్చు. 1976 నుంచి ఉన్న అన్నపూర్ణ స్టూడియోస్ ఫ్లోర్‌లోనైనా, ఫిలింనగర్ కొండ మీది రామానాయుడు స్టూడియోస్‌లోనైనా కెమెరా చూసేది రంగు, అద్దాలు, ప్లేటు, సీటు. రోడ్డు అడిగేది బ్రేకు, స్టీరింగు, కాగితాలు. ఈ రెండు బడ్జెట్లూ ఒకటి కావు. ఏది కావాలో మొదటి రోజే తేల్చుకోనివాడు రెండింటి ఖర్చూ భరిస్తాడు. కెమెరా కోసం రంగు మార్చినా, అది ఆర్సీలో ఎక్కకపోతే రోడ్డు మీద తప్పే.

83: పేరులోనే కొలత

తొలి టాటామొబైల్ ఇంజిన్ పేరు 483. మొదటి అంకె సిలిండర్ల సంఖ్య, మిగతా రెండూ బోర్ వెడల్పు: నాలుగు సిలిండర్లు, 83 మిల్లీమీటర్లు. పిస్టన్ 90 మిల్లీమీటర్లు నడుస్తుంది. గుణిస్తే 1,948 సీసీ. టాటా 407లో చాలాకాలం నడిచిన 497 కూడా అంతే: 97 మిల్లీమీటర్ల బోర్, 100 మిల్లీమీటర్ల నడక, 2,956 సీసీ.

ఈ లెక్కతో లాభమేంటంటే, అదే 483 ఇంజిన్ 1991లో సియెర్రాలో, 1992లో ఎస్టేట్‌లో, 1994లో సుమోలో కూడా వచ్చింది. సుమోలు లెక్కలేనన్ని తిరిగాయి కాబట్టి ఈ ఇంజిన్ విప్పడం తెలిసిన చేతులు ఇంకా దొరుకుతాయి. పికప్‌లో తర్వాత వచ్చిన మోడళ్లలో ఇంజిన్ మారింది, అందుకే ఆర్సీలో సీసీ చూసుకోవాలి.

లేత్ షాపులో రీబోర్ చేసి అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్లు వేస్తే 1,948 సీసీ దాదాపు 1,971 అవుతుంది. పెరిగింది 23 సీసీ. రీబోర్ వల్ల బలం పెరుగుతుందని ఎవరైనా ఊరిస్తే ఈ అంకె చూపించండి. అది పొగ, ఆయిల్ తాగడం ఆపడానికి చేసే పని. కంప్రెషన్ చూడకుండా ఇంజిన్ దించడానికి ఒప్పుకోవద్దు, పంపు కాలిబ్రేషన్‌తోనో నాజిళ్లతోనో తీరే జబ్బులు చాలా ఉంటాయి. మొత్తం ఇంజినే మార్చాలంటే ముందస్తు అనుమతి, ఆర్సీలో నమోదు రెండూ కావాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా చెప్పింది.

మన గడ్డ మీద తయారైన బండే కావాలనుకుంటే ఆల్విన్ నిస్సాన్ గుర్తొస్తుంది. 1942లో నిజాం కాలంలో పుట్టిన ఆల్విన్, 1980లలో జపాన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో తేలికపాటి ట్రక్కులు తీసింది. తర్వాత ఆ ప్లాంటు మహీంద్రా చేతికి వెళ్లింది. చరిత్ర ముచ్చటగానే ఉంటుంది కానీ, తక్కువ బడ్జెట్‌కు మాత్రం ఎక్కువ అమ్ముడుపోయిన మోడలే క్షేమం. విడిభాగం వెతికే ఖర్చు అందులోనే తక్కువ.

200 కిలోలు: ముందు ఆగాలి

పది అడుగులకు ఒక అడుగు ఎక్కే వాలు మీద రెండు టన్నుల బండిని ఆపారనుకోండి. దాదాపు 200 కిలోల బలం దాన్ని కిందికి లాగుతూనే ఉంటుంది. చదును నేల మీద పర్వాలేదనిపించే హ్యాండ్‌బ్రేకు ఫిలింనగర్ ఎత్తుపల్లాల్లో చేతులెత్తేస్తుంది. అందుకే ఇక్కడ ఇంజిన్ కన్నా ముందు బ్రేకు, స్టీరింగు పనులు జరగాలి: మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, ఇనుప పైపులు, లైనర్లు, టై రాడ్ ఎండ్లు, కింగ్ పిన్నులు, కమాన్ కట్టల బుష్‌లు.

బ్రేకు ఆయిల్‌దీ అంకెల కథే. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పీల్చాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4 రకానికి ఇవే అంకెలు 230, 155. బ్రేకు తొక్కుతూ వాలు దిగితే డ్రమ్ముల వేడికి పాత ఆయిల్ ఆవిరై, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. కాబట్టి సిలిండర్లు, పైపులు ముందే మార్చినా, ఆయిల్‌ను బండి రోడ్డెక్కే ముందు మరోసారి కొత్తగా పోయాలి.

నాలుగంకెలు: ఆఖర్న కొనాల్సినవి

టైరు పక్కగోడ మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారైనదని అర్థం. మొదటి ఏడాదిలోనే కొత్త టైర్లు కొని షెడ్‌లో ఉంచితే, రోడ్డెక్కేసరికి అవి రెండేళ్ల పాతవి. అప్పటిదాకా బండిని పాత టైర్ల మీదో, స్టాండ్ల మీదో నిలపండి. రోడ్డు మీదికి వచ్చేటప్పుడు కారు, లోడు బండి టైరు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి.

బ్యాటరీ కూడా అంతే. పూర్తి చార్జింగ్‌లో 12.6 వోల్టులు చూపించే బ్యాటరీని వాడకుండా వదిలేస్తే దానంతటదే దిగిపోతూ పాడవుతుంది. షెడ్‌లో పరీక్షలకు అరువు బ్యాటరీ చాలు. పెట్రోలు జీపు అయితే మరో జాగ్రత్త: ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరు గొట్టాలు, కార్బురేటర్ సీళ్లు దానికి తట్టుకోవు.

ముందే కొనాల్సినవీ ఉన్నాయి. డ్రమ్ములు, అద్దాలు, తలుపు హ్యాండిళ్లు, గ్రిల్లు, లైటు చట్రాలు ఎన్నేళ్లున్నా పాడవవు, ఒకసారి చేజారితే మళ్లీ దొరక్కపోవచ్చు. రాణీగంజ్, పుత్లీబౌలీ దుకాణాల్లో, వనస్థలిపురం దగ్గరి ఆటోనగర్‌లో, వీలైతే విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో కనబడినప్పుడే తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పన్ను కాక ₹10,000 ఉండే సామాను ₹12,800 నుంచి ₹11,800 అయింది. పాత రేటు చెబితే బిల్లు అడగండి.

0.9 మిల్లీమీటర్లు: రేకు, రంగు

టింకరింగ్ షెడ్‌లో రేకును గేజ్‌లో చెబుతారు. అంకె తగ్గేకొద్దీ మందం పెరుగుతుంది: 20 గేజ్ సుమారు 0.9 మిల్లీమీటర్లు, 18 గేజ్ 1.2. కేబిన్ తలుపులకు మొదటిది, లోడ్ బాడీ నేలకు రెండోది కనీసం. కొనే ముందు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది. పుట్టీ మీద వేసిన రంగు నాలుగు వానలకు ఉబ్బుతుంది.

పంపకం

20 ఏళ్లు దాటిన తెల్ల బోర్డు పికప్‌ను లెక్కలోకి తీసుకుందాం. రిజిస్ట్రేషన్ పొడిగింపు ₹10,000, చివరి ఏడాది బీమా ₹7,897, కలిపి దాదాపు ₹18,000 కాగితాలకు పక్కన పెడదాం. మిగిలేది ₹1,62,000. దాన్ని ఇలా పంచొచ్చు:

బ్రేకులు, స్టీరింగు, టైర్లు: 30 శాతం, ₹48,600
ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్: 25 శాతం, ₹40,500
టింకరింగ్: 20 శాతం, ₹32,400
వైరింగ్, బ్యాటరీ: 7 శాతం, ₹11,340
రంగు: 8 శాతం, ₹12,960
అనుకోని ఖర్చు: 10 శాతం, ₹16,200

రంగుకు 8 శాతమేనా అని ముఖం చిట్లించేవాళ్లుంటారు. తళతళలాడే రంగు కావాలంటే ఆ డబ్బు బ్రేకుల వాటాలోంచి తేకూడదు, నాలుగో ఏడాది జమలోంచి తేవాలి.

చివరిగా, వదిలేయడం కూడా లెక్కలో భాగమే. కొన్న బండి ఛాసిస్ పట్టీలు సుత్తి దెబ్బకు పొరలు పొరలుగా రాలితే పై లెక్కలేవీ పనికిరావు. నమోదైన స్క్రాప్ కేంద్రంలో అలాంటి బండికి, కొత్త బండి షోరూం ధరలో సుమారు 4 నుంచి 6 శాతం విలువ వస్తుందని కేంద్రం విధానంలో చెప్పింది. ఆ సర్టిఫికెట్‌తో కొత్త బండి కొంటే సొంత బండికి 25 శాతం దాకా, రవాణా బండికి 15 శాతం దాకా రాష్ట్రాలు పన్ను రాయితీ ఇవ్వొచ్చు. అందుకే మొదటి నెల ₹5,000 విడిభాగాల మీద పెట్టకండి. బండిని లిఫ్ట్ మీదికెక్కించి, నమ్మకమైన మెకానిక్‌తో ఛాసిస్ అంతా తట్టించి చూడటానికి వాడండి. మిగతా ₹1,75,000 ఖర్చు పెట్టాలా వద్దా అన్నది ఆ రోజే తేలుతుంది.