సీసపు సిపాయి ఏ ఊరివాడు?

గరాజ్ సేల్‌లో ఒకటో రెండో డాలర్లకు పాత బొమ్మ సైనికుల పెట్టె దొరుకుతుంది. ఎవరు చేశారో, ఏ కాలానివో అమ్మేవాళ్లకే తెలియదు. తెలుసుకోవాలంటే ముందు బొమ్మ ముఖం కాదు, కాళ్ల కింద చూడాలి.

అక్కడ బ్రిటన్స్ అన్న పేరుంటే అది ఇంగ్లండు బొమ్మ. లండన్‌లోని విలియం బ్రిటన్ కంపెనీ 1893లో ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టింది. కరిగిన సీసపు మిశ్రమాన్ని అచ్చులో పోసి, అంచులు గట్టిపడగానే మిగతాది బయటికి ఒంపేసేవారు. లోపల బోలుగా ఉన్న ఆ బొమ్మ తేలిక, పైగా చవక. అంతవరకూ బజారునేలిన జర్మనీ బొమ్మలు గట్టి సీసం. రెండింటినీ రెండు చేతుల్లో పట్టుకుంటే తేడా మీకే తెలుస్తుంది. అడుగున సంవత్సరం కనిపిస్తే మాత్రం తొందరపడకండి. అది కాపీరైటు తేదీ. అదే అచ్చులో ఆ తర్వాత ఏళ్ల తరబడి బొమ్మలు పోశారు. అసలు పేరే లేదంటే నకిలీ అనీ అనుకోవద్దు. 1900కి ముందటి బ్రిటన్స్ బొమ్మలకు అడుగున పేరుండేది కాదు.

బ్రిటన్స్ సైనికుడి ఎత్తు దాదాపు 54 మిల్లీమీటర్లు. మూడంగుళాలు దాటిన సీసపు బొమ్మైతే బార్‌క్లే, మానాయిల్ వంటి అమెరికా కంపెనీలది కావచ్చు. 1930లలో ఐదు, పది సెంట్ల దుకాణాల్లో అమ్మినవి. పగుళ్లలోంచి తీగ కనిపిస్తోందా? అయితే రంపపుపొట్టు, జిగురు కలిపి జర్మనీలో చేసిన ఎలాస్టోలిన్ రకం.

ఇక దుస్తులు. తలపాగా ఉన్నవాణ్ణి కాస్త శ్రద్ధగా చూడండి. బ్రిటన్స్ వారు మద్రాస్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ పేరుతో కూడా ఒక సెట్టు చేశారు. ఆ పటాలాల్లో మన తెలుగువాళ్లుండేవారు. ఉత్తరాదిన కంపెనీ సిపాయిలకు ‘తిలంగా’ అన్న పేరు అలా వచ్చిందే. అయితే బెంగాల్, బొంబాయి దళాలకూ సెట్లున్నాయి గనుక కోటు రంగు, తలపాగా చుట్టు పాత కేటలాగులతో పోల్చుకోవాలి. అందుకే వెలిసిన రంగు మీద కొత్త రంగు వేయకూడదు. గుర్తూ పోతుంది, విలువా పోతుంది.

బ్రిటన్స్ 1966లో సీసం బొమ్మలు మానేసింది. పాతవి చిన్నపిల్లల చేతికివ్వకండి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. ఓక్ బీరువాలో పెట్టొద్దు. ఆ చెక్కలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తినేస్తుంది. బూడిదరంగు పొడి రాలుతున్న బొమ్మ ఉంటే మిగతావాటి నుంచి వేరుగా ఉంచండి.