గడప దాకా వెళ్ళిన ఆరోగ్యం

సెనెగల్ పల్లెల్లో విదేశీ వాలంటీర్ల జీవితం

పశ్చిమాఫ్రికాలో అట్లాంటిక్ సముద్రపు ఒడ్డున ఉన్న దేశం సెనెగల్. సుమారు 1 కోటి 80 లక్షల జనాభాలో నూటికి 95 మందికి పైగా ముస్లింలే. అక్కడి పల్లెలో పిల్లల్ని పిలిచే పిలుపులు వింటే మన మొహల్లాలోనే ఉన్నామా అనిపిస్తుంది. మన ఫాతిమా అక్కడ ఫాతూ. ఖదీజా ఖాదీ. ఆయిషా ఐసతూ. ముహమ్మద్ మమదూ. ఇబ్రాహీం ఇబ్రహీమా. దేశంలో ఎక్కువమంది మాట్లాడే వోలోఫ్ భాషలో బుధవారం అల్లర్బా, గురువారం అల్ఖమిస్, శుక్రవారం అజ్జుమా.

ఇలాంటి పల్లెలకు అరవై ఏళ్ళకు పైగా అమెరికా యువతీ యువకులు వచ్చి ఉంటున్నారు. 1961లో అధ్యక్షుడు కెనెడీ ప్రారంభించిన ‘పీస్ కోర్’ సంస్థ వాలంటీర్లు వీరు. సెనెగల్‌కు 1963లో మొదటిసారి వచ్చారు. వ్యవసాయం, ఆరోగ్యం వంటి రంగాల్లో పని చేస్తారు. మూడు నెలల శిక్షణలో స్థానిక భాష నేర్చుకుని, ఆ తర్వాత రెండేళ్ళు ఒక ఊళ్ళో ఒక కుటుంబంతో కలిసి జీవిస్తారు. ఆరోగ్యం పేరుతో పరాయి దేశం నుంచి వచ్చిన మనిషి మట్టి గోడల ఇంట్లో రెండేళ్ళుండి ఏం చేయగలడు? వెళ్ళిపోయాక ఆ ఊరికి మిగిలేదేమిటి? తెలుసుకోదగిన సంగతే.

కొత్త పేరు, కొత్త ఇల్లు

ఊళ్ళో అడుగు పెట్టగానే వాలంటీరుకు కొత్త పేరు వస్తుంది. ఆతిథ్యమిచ్చే కుటుంబమే తమలో ఒకరి పేరు పెడుతుంది. అక్కడ బిడ్డ పుట్టిన వారానికి మన అఖీఖాలాగే పేరు పెట్టే వేడుక జరుపుతారు. స్తోమత ఉన్నవారు గొర్రెను కోస్తారు. ఎవరి పేరు బిడ్డకు పెడితే వారికి ఆ బిడ్డ మీద ప్రత్యేకమైన హక్కు, బాధ్యత ఉంటాయి. పరదేశి వాలంటీరుకూ ఆ బంధం వర్తిస్తుంది. ఇంటి యజమాని ‘బాయ్’, అంటే నాన్న. యజమానురాలు ‘యాయ్’, అంటే అమ్మ. తాతైనా అవ్వైనా ‘మామ్’. ఆ వరసలతోనే పిలవాలి.

ఫజర్ అజాన్‌తో, రోకటి పోటుతో ఊరు మేల్కొంటుంది. అక్కడి ప్రధాన మెట్టపంట మన సజ్జలే. ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఒకే రోట్లో వంతులవారీగా రోకళ్ళు వేస్తూ సజ్జలు దంచుతారు. కుళాయిలు లేని ఊళ్ళలో బావి నుంచి నీళ్ళు చేది, బిందె నెత్తిన పెట్టుకుని రావాలి. కొత్తగా వచ్చిన వాలంటీరు సగం నీళ్ళు ఒంటి మీదే ఒలకబోసుకుంటే పిల్లలకు అంతకు మించిన వినోదం లేదు. పక్క ఊళ్ళకు సైకిలే వాహనం. దూరం వెళ్ళాలంటే ముందుభాగాన ‘అల్‌హందులిల్లాహ్’ అని రాసి ఉండే మినీ బస్సులున్నాయి. వాటి పేరే ‘అల్‌హం’గా స్థిరపడిపోయింది. వారానికోసారి సంత ఉంటుంది. దాన్ని ‘లూమా’ అంటారు.

మధ్యాహ్నం అన్నం, రాత్రి సజ్జపిండిని ఆవిరి మీద ఉడికించి చేసే ‘చేరే’. పెద్ద పళ్ళెం ఒకటి మధ్యలో పెట్టి, చుట్టూ కూర్చుని, బిస్మిల్లాహ్ అని అందరూ కుడిచేత్తో తింటారు. ఎవరి ముందు ఉన్నది వారే తినాలి. దస్తర్‌ఖాన్ చుట్టూ పెరిగిన మన పిల్లలకు ఇది చెప్పనక్కర లేదు. చేప ముక్కలు, కూరగాయలు మధ్యలో ఉంటాయి. ఇంటావిడ వాటిని తుంచి అతిథి వైపు తోస్తూ ఉంటుంది. తమ బిడ్డలకు చాలకపోయినా తోస్తుంది. ఈ మర్యాదకు వోలోఫ్‌లో ‘తెరాంగా’ అని పేరు. వాలంటీరు ముందుగా నేర్చుకోవలసింది ఈ పళ్ళెం ముందే ఉంది. ఇంట్లో ఎవరు ఎంత తింటున్నారో, ఏ బిడ్డ తినలేక లేచిపోతున్నాడో అక్కడ కూర్చుంటేనే తెలుస్తుంది.

‘శాంతే’ అనే జవాబు

అక్కడ పలకరింపు రెండు ముక్కల్లో తేలదు. సలాం చెప్పుకున్నాక ‘ఎలా ఉన్నారు? ఇంట్లోవాళ్ళు ఎలా ఉన్నారు? పిల్లలు ఎలా ఉన్నారు? పని ఎలా ఉంది?’ అని వరుసగా అడగాలి. ప్రతి ప్రశ్నకూ ‘జామ్ రెక్’ అని జవాబు వస్తుంది. ‘శాంతే ఉంది’ అని అర్థం. వెంటనే ‘అల్‌హందులిల్లాహ్’. ఇంట్లో బిడ్డ జ్వరంతో మూలుగుతున్నా తొలి జవాబు ఇదే. కష్టంలోనూ దేవునికి కృతజ్ఞత చెప్పడం వారి సంస్కారం.

అయితే ఆరోగ్యం గురించి అడగడానికి వచ్చినవారికి ఈ జవాబు చాలదు. ‘బిడ్డ ఎలా ఉన్నాడు?’ అని వాకిట్లో అడిగి వెళ్ళిపోతే ప్రతి ఇంట్లోనూ శాంతే ఉంటుంది. చాప మీద కూర్చుని, చిన్న గ్లాసుల్లో మూడు విడతలుగా పోసే ‘అత్తాయా’ టీ తాగుతూ ఉంటే, ‘నిన్న రాత్రి వాడి ఒళ్ళు కాలిపోయింది’ అనే మాట బయటికి వస్తుంది. ఆ టీ కాగడానికే గంట, గంటన్నర పడుతుంది.

లెక్కలు రాసుకోవడమూ తేలిక కాదు. మనుషుల్ని లెక్కపెడితే ఆయుష్షు తగ్గుతుందని అక్కడి పాతకాలపు నమ్మకం. అందుకే మనుషుల్ని ‘దేవుని పుల్లలు’ అంటారు. సెనెగల్ రచయిత ఉస్మాన్ సెంబేన్ 1960లో వెలువరించిన ప్రసిద్ధ నవలకు పెట్టిన పేరు కూడా ఇదే. దిష్టి భయం తెలిసిన మనకు ఇది వింతగా తోచదు. దోమతెరలు పంచేటప్పుడు ‘ఇంట్లో పడుకునే చోట్లు ఎన్ని?’ అని లెక్క రాసే పద్ధతి ఉంది. తెర కట్టేది పడకకే కాబట్టి అసలు కావలసిన లెక్క కూడా అదే.

సూదిమందు ఇవ్వని సేవ

ఈ వాలంటీర్లు డాక్టర్లు కారు. సూది వేయరు, కాన్పు చేయరు. ఊళ్ళో ఆరోగ్య గుడిసె ఒకటి ఉంటుంది. శిక్షణ పొందిన స్థానిక కార్యకర్త, మంత్రసాని అందులో పనిచేస్తారు. దానికి పైన నర్సు ఉండే ఆరోగ్య కేంద్రం. అది చాలాసార్లు మైళ్ళ దూరంలో ఉంటుంది. ఊరికీ ఆ కేంద్రానికీ మధ్య మాటను, మనిషిని చేరవేయడమే వాలంటీరు పని.

ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల చేతి పైభాగం చుట్టూ రంగుల టేపు పెట్టి కొలుస్తారు. 12.5 సెంటీమీటర్లు దాటితే పచ్చరంగు, భయం లేదు. 11.5కు తగ్గితే ఎర్రరంగు, బిడ్డ తీవ్రమైన పోషకాహార లోపంలో ఉన్నట్టు. వెంటనే ఆరోగ్య కేంద్రానికి పంపాలి. విరేచనాలయ్యే బిడ్డకు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి తాగించడం తల్లులకు చేసి చూపిస్తారు. చెంచా తల కొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు హాని.

మన నేల మీది రెండు చెట్లు ఈ పనిలో తోడుగా నిలిచాయి. ఒకటి మునగ. వోలోఫ్‌లో దాని పేరు ‘నెబెదాయ్’. ‘చావు లేనిది’ అనే అర్థమున్న ఇంగ్లీషు మాట నుంచి ఆ పేరు వచ్చిందని చెబుతారు. మునగాకు కూరను అక్కడివారు చేరేతో ఎప్పటి నుంచో తింటున్నారు. ఆకును నీడన ఆరబెట్టి పొడి చేసి పిల్లల జావలో కలపడం వాలంటీర్లు నేర్పుతారు. రెండోది వేప. భారత ఉపఖండం నుంచే ఆఫ్రికా చేరింది. ఆకు ఉడికించిన నీళ్ళలో సబ్బు తురుము, నూనె కలిపి దోమలు దరి చేరకుండా రాసుకునే లేపనం తయారు చేస్తారు. ఇది దోమతెరకు తోడే గానీ దానికి బదులు కాదు.

చెప్పినంత తేలికగా ఏదీ జరగదు. చేతులు కడుక్కోమంటే సబ్బు కొనాలి. గుడ్డు పెట్టమంటే ఆ గుడ్డు అమ్మితేనే ఉప్పూ అగ్గిపెట్టే వస్తాయి. ఆస్పత్రికి వెళ్ళమంటే డబ్బు భర్త చేతిలో, నిర్ణయం చాలాసార్లు అత్తగారి నోట్లో ఉంటుంది. కోడలికి మాత్రమే పాఠం చెప్పిన వాలంటీరు మాట గుడిసె దాటదు. నానమ్మలను కలుపుకుని పోషకాహార పాఠాలు చెబితే గర్భిణుల, పసిపిల్లల తిండి మెరుగుపడుతుందని సెనెగల్ పల్లెల్లో జరిపిన అధ్యయనం ఒకటి 2004లో వెలువడింది. ఇంటి పెద్ద మనసు గెలవకుండా ఇంటి అలవాటు మారదని మన అమ్మీలు ఏ అధ్యయనమూ లేకుండానే చెప్పగలరు.

వానలతో వచ్చే జ్వరం

జూన్, జూలైలలో వానలు మొదలై అక్టోబరు దాకా ఉంటాయి. వేరుశనగ, సజ్జ చేలల్లో ఊరంతా పని మీద ఉంటుంది. పాత గింజలు అయిపోతాయి, కొత్త పంట చేతికి రాదు. ఆకలి, చాకిరీ, దోమలు ఒకేసారి మీద పడే కాలమిది. ప్రపంచంలో మలేరియా మరణాల్లో నూటికి 95 ఆఫ్రికాలోనే సంభవిస్తున్నాయి. వాటిలో దాదాపు నాలుగింట మూడు వంతులు అయిదేళ్ళలోపు పిల్లలవి. మందు లేక పోయే ప్రాణాలకు తోడు, మందు ఉన్నా ఆలస్యం వల్ల పోయే ప్రాణాలూ ఉన్నాయి. పొద్దున్న ఒళ్ళు వెచ్చబడిన బిడ్డకు రేపో ఎల్లుండో ఫిట్స్ రావచ్చు. చేను వదిలి, బండి వెతుక్కుని, డబ్బు సర్దుకునేసరికి ఆ రెండు రోజులూ గడిచిపోతాయి.

ఈ ఆలస్యాన్ని తగ్గించాలని సెనెగల్ ప్రభుత్వం 2008లో ఒక పద్ధతి మొదలుపెట్టింది. ఊరి మనిషికే శిక్షణ ఇచ్చి, వేలి నుంచి చుక్క రక్తం తీసి పావుగంటలో ఫలితం చెప్పే పరీక్ష పట్టీలు, మందులు అప్పగించారు. మన ఆశా కార్యకర్త లాంటివారే. అయినా రోగి వారి గడపకు వస్తేనే వైద్యం అందేది.

దేశానికి ఆగ్నేయాన, మాలీ, గినీ సరిహద్దుల దగ్గర సరయా అనే ప్రాంతం ఉంది. అక్కడ స్థానిక ఆరోగ్య కార్యకర్తలు, పీస్ కోర్ వాలంటీర్లు కలిసి ఈ వరుసను తిరగేశారు. రోగి వచ్చేదాకా కాచుకోకుండా, మలేరియా కాలమంతా వారానికోసారి సంరక్షకుడే ప్రతి ఇంటికీ వెళ్ళి ‘జ్వరం ఎవరికైనా ఉందా?’ అని అడుగుతాడు. ఉంటే అక్కడే పరీక్ష, అక్కడే మందు. పరిస్థితి విషమిస్తే ఆస్పత్రికి పంపడం. 2013లో ఇలా తిరిగిన ఊళ్ళను, తిరగని ఊళ్ళను పోల్చి చూశారు. కాలం ముగిసేసరికి తిరిగిన ఊళ్ళలో మలేరియా జ్వరాలు బాగా తగ్గాయి. 2014 నుంచి ప్రభుత్వమే దీన్ని ఇతర ప్రాంతాలకు విస్తరించింది.

ఇందులో కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. మారినదల్లా అడిగే చోటు. సరయాలో మలింకే భాష వినిపిస్తుంది గానీ, ‘శాంతే’ అనే జవాబు అక్కడా ఉంది. వారం వారం గడపలోకి వచ్చి కూర్చునే తమ ఊరి మనిషికి ఆ జవాబు తర్వాత రావలసిన రెండో జవాబు కూడా అందింది.

ఇమాం నడిచిన దారి

పరదేశి మాటకున్న హద్దును తెలిపే ఉదంతం మరొకటి ఉంది. 1974లో చదువు కోసం డకార్ వచ్చిన అమెరికా యువతి మాలీ మెల్చింగ్ తర్వాత పీస్ కోర్‌లో చేరారు. 1982 నుంచి సామ్ ఎంజాయ్ అనే చిన్న పల్లెలో కాపురముండి, ఊరివారితో కలిసి వారి భాషలోనే పాఠాలు తయారు చేశారు. 1991లో ‘తోస్తాన్’ సంస్థను స్థాపించారు. గుడ్డు పగిలి పిల్ల బయటికి రావడం అని ఆ మాటకు అర్థం. ఆ పాఠాలు నేర్చిన మలికుండా బంబారా గ్రామ స్త్రీలు, ఆడపిల్లలకు సున్తీ చేసే ప్రమాదకరమైన ఆచారాన్ని మానేస్తున్నామని 1997 జూలై 31న ప్రకటించారు.

చుట్టుపక్కల ఊళ్ళలో పెద్ద దుమారమే లేచింది. అప్పుడు కేర్ సింబారా గ్రామపు ఇమాం దెంబా జవారా ముందుకు వచ్చారు. వియ్యమందే ఊళ్ళన్నీ కలిసి నిర్ణయించుకోకపోతే ఒక్క ఊరి ఆడపిల్లలకు పెళ్ళి సంబంధాలు దొరకవని ఆయన గ్రహించారు. వయసు మీద పడినా బంధువుల ఊళ్ళకు కాలినడకన వెళ్ళి, పెద్దలతో, స్త్రీలతో ఓపికగా మాట్లాడారు. 1998 ఫిబ్రవరిలో 13 గ్రామాలు కలిసి జబుగూలో ప్రతిజ్ఞ చేశాయి. 1999 జనవరిలో ప్రభుత్వం ఈ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. పాఠం మెల్చింగ్ మొదలుపెట్టారు. ఊరి నుంచి ఊరికి దాన్ని మోసుకెళ్ళింది ఇమాం గారి కాళ్ళు.

వెళ్ళిపోయాక...

రెండేళ్ళు ముగిశాక వాలంటీరు వెళ్ళిపోతాడు. ఒక్కోసారి అంత గడువు కూడా ఉండదు. 2020 మార్చిలో కరోనా కారణంగా ప్రపంచమంతటా ఉన్న దాదాపు 7,000 మంది పీస్ కోర్ వాలంటీర్లను ఉన్నపళంగా వెనక్కి పిలిచారు. సరిగ్గా వీడ్కోలు చెప్పుకునే వ్యవధి కూడా చాలామందికి దక్కలేదు. ఇంటింటికీ తిరిగే సంరక్షకులకు మాత్రం ఎక్కాల్సిన విమానం లేదు. వారి ఇల్లు ఆ ఊళ్ళోనే ఉంది. 2025లో అమెరికా విదేశీ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ మూతపడినప్పుడు, మలేరియా మందులకు, పరీక్ష పట్టీలకు ఆ సొమ్ము మీద ఆధారపడిన దేశాలు ఇరకాటంలో పడ్డాయి. మనిషి ఊళ్ళోనే ఉన్నా చేతిలో పట్టీ, మందు లేకపోతే ఆ నడక వృథా. పొరుగు దేశపు దయ మీద నడిచే ఆరోగ్యానికి ఈ గండం ఎప్పుడూ పొంచి ఉంటుంది.

అలాగని దూరదేశం నుంచి వచ్చినవారి సేవను చిన్నబుచ్చనక్కర లేదు. భాష నేర్చి, ఒకే పళ్ళెంలో తిని, పరాయి బిడ్డ జ్వరానికి నిద్ర మానుకున్న మనిషి శ్రమ ఎక్కడికీ పోదు. అయితే అందులో నిలిచింది ఊరి మనిషి చేతికి అందినంత వరకే.

మన బస్తీల్లోనూ డెంగీ, మలేరియా కాలాలు వస్తూనే ఉన్నాయి. పక్కింటి గడపలో ‘ఖైరియత్?’ అని అడిగితే ‘అల్లాహ్ దయ వల్ల బాగున్నాం’ అనే జవాబే వస్తుంది. ఆ జవాబు విన్నాక మరో పది నిమిషాలు కూర్చుని, ‘చిన్నవాడికి జ్వరం తగ్గిందా? రక్తపరీక్ష చేయించారా?’ అని అడిగేవారు మన వీధిలో ఎవరున్నారు? ఈ జుమా నమాజు తర్వాత ఇంటికి వెళ్తూ ఒక్కసారి ఆలోచిద్దాం. ఎవరూ లేకపోతే ఆ పని మన ఇంటి నుంచే మొదలు కావచ్చు.