గంజపాలో 1 పదిని ఎందుకు గెలుస్తుంది? ఎలా?

బరంపురం ఉన్న గంజాం సీమలో తెలుగు, ఒడియా పక్కపక్కనే వినిపిస్తాయి. ఆ సీమ ఉన్న ఒడిశాలో తరతరాలుగా ఆడుతున్న పేకాట ఒకటుంది. దాని పేరు గంజపా. ముక్కలు గుండ్రంగా ఉంటాయి. గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద పట్టించి ఆరబెట్టి, చేత్తో బొమ్మలు వేస్తారు. ఎంత అందంగా ఉంటాయో!

ఎనిమిది రంగుల కట్టలో 96 ముక్కలుంటాయి. ఒక్కో రంగుకు రాజు, మంత్రి, 1 నుంచి 10 దాకా అంకెలు. అసలు విశేషం ఇక్కడే ఉంది. సగం రంగుల్లో మంత్రి తర్వాత 10 పెద్దది, 1 చిన్నది. మిగతా సగంలో అంతా తలకిందులు: 1 పెద్దది, 10 అన్నిటికన్నా చిన్నది. దీనివల్ల చిన్న అంకెలే పడ్డవారికీ గెలిచే దారి ఉంటుంది.

మరి గెలవడం ఎలా? పడిపోయిన ముక్కల్ని గుర్తుంచుకోవాలి. తురుపు లేకుండా ఆడేటప్పుడు, 10 పెద్దదైన రంగులో రాజు, మంత్రి, 10 వెళ్లిపోయాయంటే మీ 9ని ఎవరూ కొట్టలేరు. తిరగేసిన రంగులో రాజు, మంత్రి, 1 వెళ్లాక 2దే గెలుపు. అంతదాకా ఆ ముక్కను బయటపెట్టకూడదు. ఎనిమిది రంగులూ ఒకేసారి గుర్తుండవు కాబట్టి మొదట మీ చేతిలో ఎక్కువగా ఉన్న రెండు రంగులనే గమనించండి. తక్కినవి అలవాటు మీద వస్తాయి.

గంజపా కట్ట దొరక్కపోతే మామూలు పేకతో నలుగురు కూర్చోండి, తలా 13 ముక్కలు. నల్లవాటిలో బొమ్మల తర్వాత 10 పెద్దది, ఎర్రవాటిలో ఆసు పెద్దది అనుకుని ఆడి చూడండి. డబ్బు పందెం మాత్రం వద్దు.