పదో తరగతి శాతం వెనక ఎవరున్నారు?

హాస్టల్లో నా రూమ్మేట్‌ది గుంటూరు వైపు. మొన్న మాటల్లో మాటగా, "ఏరా, మీ వైపు చదువు తక్కువ అంటారు కదా, మరి పదో తరగతిలో మీ జిల్లా ప్రతిసారీ ఫస్ట్ ఎలా వస్తోంది? కాపీయింగా?" అన్నాడు. వాడు నవ్వుతూనే అన్నాడు గానీ నాకు చిరాకేసింది. తర్వాత నిమ్మళంగా ఆలోచిస్తే, వాడి ప్రశ్నలో మొదటి సగం న్యాయమైనదే అనిపించింది. ఆ సగానికి జవాబు ఈ వ్యాసం.

మాది పాలకొండ దగ్గర పల్లె. 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లా, ఆ తర్వాత పార్వతీపురం మన్యం జిల్లా. విజయనగరం నుంచి పార్వతీపురం వైపు, శ్రీకాకుళం నుంచి పాలకొండ, సీతంపేట వైపు కలిపి దీన్ని చేశారు. నేను చదివింది జిల్లా పరిషత్ హైస్కూల్లో. 2023లో పది రాశాను.

ముందు అంకెలు చూద్దాం. 2023లో రాష్ట్రం మొత్తం మీద 72.26 శాతం పాసైతే, మన్యం జిల్లాలో 87.47. 2024లో రాష్ట్రానికి 86.69, మన్యానికి 96.37. శ్రీకాకుళం 93.35తో రెండోది. 2025లో రాష్ట్రానికి 81.14, మన్యానికి 93.90. వరసగా మూడేళ్లు మన్యమే ఫస్టు.

ఇప్పుడు ఇంకో పట్టిక. 2011 జనాభా లెక్కల్లో విజయనగరం జిల్లా అక్షరాస్యత దాదాపు 59 శాతం. ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న అప్పటి 13 జిల్లాల్లో ఇదే అడుగు. శ్రీకాకుళం 62 దగ్గర. అప్పటి ఉమ్మడి రాష్ట్ర సగటు 67.

చదువులో అడుగున ఉన్నవాళ్లు పరీక్షలో పైన ఎలా ఉన్నారు? ఈ రెండు అంకెలూ వేరు వేరు మనుషుల్ని లెక్కపెడతాయి, అదీ సంగతి. అక్షరాస్యత అంటే ఏడేళ్లు నిండిన వాళ్లందరి లెక్క. అందులో మా అమ్మమ్మ ఉంది, వేలిముద్ర వేసే మా పెదనాన్న ఉన్నాడు. పదో తరగతి శాతం అంటే ఆ ఏడాది పరీక్ష హాలుకి వచ్చిన పదిహేను, పదహారేళ్ల పిల్లల లెక్క మాత్రమే. మొదటిది యాభై అరవై ఏళ్ల చరిత్ర, రెండోది ఒక్క ఏడాది ముచ్చట. అందుకే ఒకదాన్ని చూసి రెండోది ఊహించకూడదు. కర్నూలు జిల్లానే చూడండి. 2011లో అక్షరాస్యత 60 దగ్గర, అంటే విజయనగరం కంటే ఒక మెట్టు పైన. 2024 పది ఫలితాల్లో కర్నూలు 62.47తో రాష్ట్రంలో చివరిది.

మరి మన్యం ఎందుకు పైకొచ్చింది? నాకు తెలిసిన కారణాలు రెండు. ఒకటి, జిల్లా చిన్నది. పరీక్ష రాసేది సుమారు పదివేల మందే. ఏ స్కూల్లో ఎవరు వెనకబడ్డారో చూసుకోవడం పెద్ద జిల్లాల కంటే సులువు. రెండు, ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు ఇక్కడ ఎక్కువ. పిల్లలు అక్కడే ఉంటారు, సాయంత్రం స్టడీ అవర్ తప్పదు. ఇంట్లో లెక్కలు చెప్పేవాళ్లు లేని పిల్లకి ఆ రెండు గంటలే ట్యూషన్.

అయితే హాస్టల్ ఉంటే చాలు, గిరిజన జిల్లా అయితే చాలు అనుకుంటే తప్పే. పక్కనే ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాలోనూ ఆశ్రమ పాఠశాలలున్నాయి. 2025లో ఆ జిల్లా 47.64తో రాష్ట్రంలో చివరిది. పిల్లల కులమో తెగో ఫలితాన్ని రాసిపెట్టదని ఈ రెండు జిల్లాలూ కలిపి చెప్తున్నాయి. బడి నడిచే తీరులో తేడా ఉంటే ఫలితంలో తేడా వస్తుంది.

ఇక బడిలో ఎవరుంటారు అన్న మాట. మా క్లాసులో జాతాపు, సవర పిల్లలు ఉండేవారు, కాపు, వెలమ, ఎస్సీ పిల్లలు ఉండేవారు. దాదాపు అందరి ఇళ్లల్లో పది దాకా వచ్చిన మొదటి మనిషి ఆ పిల్లే. సవర పిల్లలకి ఇంట్లో భాష సవర, బడిలో తెలుగు, పాఠ్యపుస్తకంలో ఇంగ్లీషు. ఫిజిక్స్ ప్రశ్న అర్థం కావడానికి వాళ్లు రెండు గుమ్మాలు దాటాలి. ఈ కష్టం కొత్తది కాదు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్నప్పుడే సవర నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాళ్ల భాషలో పుస్తకాలు రాశారు. ఏటా ఆగస్టు 29న మన క్లబ్బులో ఆయన ఫొటోకి దండ వేస్తాం, వ్యావహారిక భాష గురించి మాట్లాడతాం. ఆ సవర వాచకాల గురించి కూడా ఒకసారి మాట్లాడుకుంటే బాగుంటుంది.

అమ్మాయిల సంగతీ చెప్పాలి. 2024లో రాష్ట్రంలో అమ్మాయిలు 89.17, అబ్బాయిలు 84.32. 2011 లెక్కల్లో ప్రతి వెయ్యి మంది మగవాళ్లకి శ్రీకాకుళంలో 1015 మంది, విజయనగరంలో 1019 మంది ఆడవాళ్లు. దీనికి ఒక కారణం వలస. మగవాళ్లు హైదరాబాదు, చెన్నై పనులకి, తీరం ఊళ్లవాళ్లు గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీదకి పోతారు. ఒక్కోసారి కుటుంబం మొత్తం పోతుంది. అప్పుడు బడిలో బెంచీ ఖాళీ అవుతుంది.

నా రోల్ నంబరు కథ ఇక్కడే చెప్పాలి. ఆరో తరగతిలో మేం 52 మందిమి. అక్షర క్రమంలో నాది 47. పదికి వచ్చేసరికి నాది 34 అయింది. నా పేరు మారలేదు, ముందున్నవాళ్లు తగ్గిపోయారు. పరీక్ష రాసింది 38 మంది, పాసైంది 33 మంది. బోర్డు మీద 87 శాతం అని రాశారు. అబద్ధం కాదు. కానీ తగ్గిన 14 మందిలో అయిదుగురు గురుకులాలకీ ప్రైవేటుకీ పోయారు, వాళ్లని పక్కన పెడదాం. మిగతా తొమ్మిది మంది చదువే మానేశారు. వాళ్లనీ కలిపితే 47 మందిలో 33, అంటే 70 శాతం. బడి అదే, టీచర్లు వాళ్లే. భాగహారంలో కింద ఏ అంకె పెట్టామన్నదే తేడా.

ఆ తొమ్మిది మందిలో ఒకడు నా బెంచీ మేటు. లెక్కల్లో నాకంటే చురుకు. ఏడో తరగతి ఆఖర్లో లాక్‌డౌన్ వచ్చింది. బడి తెరిచేసరికి వాళ్ల నాన్నతో హైదరాబాదు పోయాడు. ఇప్పుడు ఫాల్స్ సీలింగ్ పని చేస్తున్నాడు. వాడు ఫెయిల్ కాలేదు, పాస్ కాలేదు. హాలుకే రాలేదు గనక ఏ శాతంలోనూ లేడు.

కాబట్టి మిత్రులారా, ఫలితాలు వచ్చినప్పుడు ఏ స్కూల్ గురించైనా మూడు అంకెలు అడగండి. ఆరో తరగతిలో ఎంతమంది చేరారు? పది ఎంతమంది రాశారు? తర్వాత ఇంటర్‌లోనో, ఐటీఐలోనో, పాలిటెక్నిక్‌లోనో ఎంతమంది చేరారు? ఇవేవీ రహస్యాలు కావు. బడిలో హాజరు పట్టీ ఉంటుంది, తరగతుల వారీ నమోదు ఏటా యూడైస్ ప్లస్‌లో ఎక్కుతుంది. పాసైన శాతం ఒక్కటే ఫ్లెక్సీ మీదకి వస్తుంది. ఆ ఒక్క అంకె కోసం పరిగెత్తే చోట, వెనకబడ్డ పిల్ల బడి మానేస్తే శాతం పెరుగుతుంది. ఇది టీచర్ల మీద నింద కాదు. మా సార్లు పరీక్షల ముందు రాత్రి దాకా ఉండి చదివించారు, నేనిక్కడ ఉన్నది అందుకే. వెళ్లిపోయినవాడిని వెతికి తెచ్చిన టీచర్ కష్టం కూడా కనిపించే అంకె ఒకటి ఉండాలంటున్నాను, అంతే.

నా రూమ్మేట్‌కి ఇదంతా చెప్పాను. కాసేపు ఊరుకుని, "మా క్లాసులో కూడా ఒకడు ఉండేవాడ్రా" అన్నాడు.

బడి మానేసినవాళ్లకి ఓపెన్ స్కూల్ దారి ఉంది. పద్నాలుగేళ్లు నిండితే పది కట్టొచ్చు. పోయిన వారం నా బెంచీ మేటుకి ఫోన్ చేసి చెప్పాను. "ఇప్పుడేటి చదువులేరా, చేతులకి సిమెంటు పట్టేసింది" అన్నాడు. కాసేపాగి, "లెక్కలు నువ్వు చెప్తావేటి?" అని అడిగాడు. సంక్రాంతికి ఊరొస్తానన్నాడు. పుస్తకాలు తీసి పెట్టాను.