గద్ద కోడిపిల్లను తన్నుకుపోతే ఏం చేయాలి?



ఆర్మూరు చుట్టుపక్కల ఊళ్లలో పసుపు కళ్లాల దగ్గర కోళ్లు తిరుగుతుంటే, పైన గద్దలు తిరుగుతుంటాయి. కోడిపిల్ల పోతే కోపం రావడం సహజం. కానీ ఆ కోపంలో మనం చేసే పనిని పిల్లలు చూస్తుంటారు. అందుకే చట్టం ఏమంటుందో తెలుసుకుందాం.

ఏది నేరం?
1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గద్దలు, డేగలు రక్షిత పక్షులు. చంపడం ఒక్కటే వేట కాదు. ఉచ్చు పెట్టడం, పట్టుకోవడం, గాయపరచడం, గూడు పడగొట్టడం, గుడ్లు తీయడం కూడా వేట కిందికే వస్తాయి. షెడ్యూల్ 1లోని పక్షి అయితే 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. మిగతా వాటికి 3 ఏళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

నష్టపోయినా చంపకూడదా?
మనిషి ప్రాణానికి ముప్పు వంటి ప్రత్యేక సందర్భాల్లో అటవీ శాఖ ఉన్నతాధికారులు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. అది లేకుండా మనంతట మనం ఏమీ చేయకూడదు. విషం పెడితే కుక్కలకు, పసిపిల్లలకు కూడా ప్రమాదమే. పిల్లలు కాస్త పెద్దవయ్యేదాకా వాటిని గంప కింద ఉంచండి, లేదా దొడ్డిపై వల కట్టండి. పొలంలో ఎలుకలను తినేది కూడా ఈ పక్షులేనని మీ పిల్లలకు చెప్పండి.

డేగను పెంచుకోవచ్చా?
గల్ఫ్‌లో ఉన్న నాన్న, మామయ్య పంపిన డేగల వీడియోలు చూసి పిల్లలు అడుగుతుంటారు. డేగలతో వేటను యునెస్కో 2010లో సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. అయితే యూఏఈలో కూడా డేగను దేశం దాటించాలంటే దానికి పాస్‌పోర్టు ఉండాలి. మన దగ్గర మాత్రం అడవి డేగను పట్టి ఇంట్లో పెంచుకోవడానికి లైసెన్సు అంటూ లేదు. పరిశోధన, విద్య వంటి అవసరాలకే ప్రత్యేక అనుమతులు ఇస్తారు.

గాయపడిన పక్షి దొరికితే?
గాలి ఆడే అట్టపెట్టెలో, చీకటిగా, నిశ్శబ్దంగా ఉంచండి. నోట్లో నీళ్లు పోయకండి. వెంటనే అటవీ శాఖకు గానీ పోలీసులకు గానీ చెప్పండి. వన్యప్రాణి మన చేతికి వస్తే 48 గంటల్లోగా తెలియజేయాలని చట్టం చెబుతోంది.

ఈ ఆదివారం మీ పిల్లలతో కలిసి కోళ్ల దొడ్డికి వల కట్టండి. చట్టం అంటే ఏమిటో వారికి చేతల్లో అర్థమవుతుంది.