ఎడమచెయ్యి అయితేనేం?

పక్షవాతం వచ్చిన మనిషి ఆస్పత్రి నుంచి ఇంటికి రాగానే అన్నీ మనమే చేసేస్తాం. అన్నం కలిపి నోట్లో పెడతాం, బొత్తాలూ మనమే పెడతాం. (మనకే వస్తే ముద్ద కలిపేదెవరన్నది వేరే సంగతి!) ప్రేమే, కాదనను. కానీ ఇన్నేళ్లూ తన చేత్తో తిన్నాయనకి ముద్ద కోసం నోరు తెరవడం ఎంత కష్టం!

మెదడులో ఎడమవైపు దెబ్బతింటే కుడి చెయ్యీ కాలూ పడిపోతాయి, చాలామందికి మాట కూడా. మింగడానికి ఇబ్బంది లేదని డాక్టరు చెప్పాక చెంచా ఆయన ఎడమచేతికివ్వండి. కంచం కింద తడిగుడ్డ వేస్తే జారదు. మెతుకులు రాలితే రాలనీండి. "ఎడమచేత్తో తినడమేమిటి?" అనే పెద్దవాళ్లుంటారు, నవ్వి ఊరుకోండి. కుడిచేతికి వ్యాయామం మాత్రం మానిపించకండి. మొదటి నెలల్లోనే ఎక్కువ కోలుకుంటారు, ఆ తర్వాతా కొద్దికొద్దిగా సాగుతుంది.

చూడవచ్చినవాళ్లు "మనుషుల్ని గుర్తుపడుతున్నారా?" అని ఆయనెదుటే మిమ్మల్నడుగుతారు. "ఆయన్నే అడగండి" అనండి. మాట రాకపోయినా చాలామంది తలూపగలరు.

సుమారు ముగ్గురిలో ఒకరికి దిగులు పట్టుకుంటుంది. మొండితనం అనుకుంటాం. దానికీ మందుంది, డాక్టరుతో చెప్పాలి.

ఇక మీ సంగతి. వారానికో పూట కొడుకునో ఆడపడుచునో ఆయన దగ్గర కూర్చోబెట్టి బయటికెళ్లండి, చీరకి ఫాల్ కుట్టించుకోవడానికైనా సరే.