ఎండిన కుండీని పారేయకండి

అల్లం అనగానే మనకు టీ గుర్తొస్తుంది, పసుపు అనగానే గడప గుర్తొస్తుంది. అదే కుటుంబంలో పూల కోసమే పెంచుకునే మొక్కలూ ఉన్నాయి. సాయంత్రం గుప్పున వాసనేసే వైట్ జింజర్ లిల్లీ (క్యూబా జాతీయ పుష్పం ఇదే), గులాబీ తామరలా నిలబడే సియామ్ ట్యులిప్, ఎర్రటి కంకి వేసే రెడ్ జింజర్... వానాకాలంలో నర్సరీకి వెళ్తే వీటిలో ఏదో ఒకటి కనబడుతుంది, మనసాగక కొనేస్తాం.

చిక్కంతా చలికాలంలోనే. సియామ్ ట్యులిప్ ఆకులు పసుపెక్కి వాలిపోతాయి. జనవరికల్లా కుండీలో మట్టి తప్ప ఏమీ మిగలదు. చచ్చిపోయిందనుకుని మట్టితో సహా పారబోస్తారు మనవాళ్లు. అది చావు కాదు, నిద్ర.

నమ్మకం కుదరకపోతే మన కండ్లకోయ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని ఆర్మూర్ దాకా వెళ్లి పసుపు రైతును అడగండి. వానల ముందు కొమ్ములు నాటతారు. సంక్రాంతి దాటాక ఆకు ఎండుతుంది. ఎండిందని రైతు దిగులుపడడు, దుంప ముదిరిందని పార తీస్తాడు. సియామ్ ట్యులిప్ కూడా పసుపు ప్రజాతిదే కాబట్టి దాని క్యాలెండరూ అదే. మన భూచంపకమైతే ఇంకా చిత్రం: ఆకు లేకుండానే ఎండాకాలంలో నేల లోంచి నేరుగా పూస్తుంది.

ఈ మొక్కల్లో పైకి కనిపించే కాండం నిజానికి కాండం కాదు. అరటిలోలాగా ఆకు తొడిమలు ఒకదాన్నొకటి చుట్టుకుని అలా నిలబడతాయి. అసలు కాండం మట్టిలో అడ్డంగా పాకే దుంపే. అందుకే పై కొమ్మ నరికి నాటితే మొలవదు, దుంప ముక్క నాటితేనే మొలుస్తుంది. చెంగల్వ కోష్టుది వేరే లెక్క. ఒకప్పుడు దీన్నీ అల్లం కుటుంబంలోనే చేర్చేవారు, ఇప్పుడు వేరు చేశారు. దానికి పైన నిజమైన కాండమే ఉంటుంది కాబట్టి ముక్కలు కోసి నాటినా వేళ్లూనుతుంది.

ఇక పద్ధతి. నిద్రపోయే రకాలకు ఆకు పసుపెక్కగానే నీళ్లు తగ్గించి, ఎండాక పూర్తిగా ఆపేయండి. కుండీని నీడలో పెట్టండి. మే చివర్లో దుంప తీసి, ప్రతి ముక్కకూ కనీసం రెండు కన్నులు ఉండేలా శుభ్రమైన కత్తితో కోయండి. కోత ఆరేదాకా ఒకటి రెండు రోజులు నీడలో ఉంచండి. ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి, కన్ను పైకి ఉండేలా రెండంగుళాల లోతున పెట్టండి. మొలక కనిపించేదాకా నీళ్లు పొదుపుగా పోయాలి, లేకపోతే దుంప కుళ్లుతుంది. ఆకులొచ్చాక మాత్రం తడి ఆరనివ్వకూడదు.

రెడ్ జింజర్ నిద్రపోదు, దానికి ఏడాదంతా నీళ్లు కావాలి. పూసిన కంకిమీదే చిన్న పిలకలు వస్తాయి, వాటిని తీసి నాటుకోవచ్చు. మన మే నెల వడగాలికి దాని ఆకు అంచులు మాడతాయి. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే మూల చూసుకోండి.

లిల్లీలో పూసిన కొమ్మ మళ్లీ పూయదు. దాన్ని మొదలుకంటా కోసేస్తే కొత్త పిలకలకు చోటు దొరుకుతుంది.

పసుపు మామూలుగా గింజ కట్టదు. మన చేలల్లో ఉన్న పసుపంతా తరతరాలుగా ఒకరి దుంప ఇంకొకరికి ఇస్తూ వచ్చిందే. మీ కుండీలో ఒక దుంప నాలుగైతే మూడు పంచండి. అడగడానికి లైన్లో మొదట నేనే ఉంటా!